పెట్టెలో ఇల్లు

"అట్ట కాదురా, ముందు ఆ మేకని బయటికి తోలు. వంగ మొక్కలన్నీ మేసేస్తా ఉండాది."

"తోలతా ఉండా గదా జేజీ. ఈ బొత్తాం నొక్కితే కూర్చుంటా ఉండాది గానీ పోవడం లేదు."

"దాన్ని కూర్చోబెట్టమని ఎవురు చెప్పినారు నీకు? ఇటియ్యి."

జమాల్‌బీ మనవడు రఫీ చేతిలోంచి జాయ్‌స్టిక్కు లాక్కునింది. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారినా పైకి తోసుకోలేదు. టీవీలో ఆ మేక లేచి, ఇంకో రెండాకులు కొరికి, తీరిగ్గా దడి దాటి పోయింది.

"అమ్మేస్తే పోద్ది గదా దాన్ని" అనింది గుమ్మంలో కూర్చోనున్న అస్మా. అస్మా రఫీ పెళ్ళాం. ఒళ్ళో సగం కుట్టిన పరుపు ఉంది, నోట్లో దారం ఉంది.

"అమ్మితే పాలెవురిస్తారు?"

"ఆ పాలు నేనెప్పుడు తాగినా జేజీ, ఒక్క టీకన్నా వచ్చినాయా?"

"నీకెందుకిస్తా. నా మేకని అమ్మమంటివి గదా."

మధ్యాన్నం అన్నాలు తిన్నాక ఆ ఇంట్లో జరిగేది ఇదే. గుల్లపాళెంలో, కోట ఊరికి పోయే రోడ్డు పక్కన, వాళ్ళది పరుపులు కుట్టే ఇల్లు. జమాల్‌బీ మొగుడు చోటే సాహెబ్ బతికుండంగా ఏకుడు బద్దతో దూది ఏకేవాడు. ఇప్పుడు ఏకేది గూడూరులో మిషను. ఏకిన దూది మూటలు బస్సు మీదేసుకొచ్చి ఈడ నింపి కుడతారు. రఫీ రొయ్యల గుంటల దగ్గర పని చేస్తాడు. నీళ్ళు తిప్పే చక్రాలు ఆగిపోకుండా చూసుకోవడం వాడి పని. పొద్దున పోతే మధ్యాన్నం తిండికొస్తాడు, మళ్ళీ పోతాడు.

ఆటలాడే పెట్టె రఫీదే. గూడూరులో ఒకతను పాతది అమ్మితే తెచ్చుకున్నాడు. కార్లాటలు, తుపాకులాటలు ఆడతాడని తెచ్చుకుంటే, వాటికంటే ముందు జమాల్‌బీ ఒక ఆట చూసింది. ఎవురో పొలం దున్నతా ఉన్నారు దాంట్లో. అదేందని అడిగింది. పల్లెటూరి ఆట జేజీ, భూమిస్తారు, దున్నుకోవాల, ఇల్లు కట్టుకోవాల అన్నాడు వాడు. భూమెవురిస్తారని అడిగింది. కొంటే కంపెనీ వాళ్ళిస్తారన్నాడు. బొంతలు కుట్టి దాచుకున్న డబ్బులు తీసి వాడి ముందు పెట్టింది. 'కొనండి' అని పచ్చ రంగు బొత్తాం కనిపిస్తే, ఏలు ముందుకు చాపి, "నేను నొక్కతా" అనింది. ఆమే నొక్కింది.

ఇప్పుడు ఆ భూమిలో ఇల్లుంది. పెంకుటిల్లు. ముందు తిన్నెలున్నాయి, పక్కన బావుంది. వెనకాల చెట్లు. ఆ ఆట చేసినోళ్ళు ఏ దేశమోళ్ళో, ఆ చెట్లకి కాసే పచ్చటి కాయలు ఏం కాయలో ఎవురికీ తెలీదు. జమాల్‌బీ వాటిని నిమ్మకాయలనింది. అప్పట్నించి అవి నిమ్మకాయలే. గోడలకి మూడు తడవలు రంగు మార్చింది. ఎండ ఏ కిటికీలోంచి పడద్దో చూసి మంచం అట్ట తిప్పి ఏసింది. మంచం మీద పరుపు మాత్రం ఆమెకి నచ్చలా. దూది సమంగా లేదంటాది.

అంతా చేసింది గానీ, ఆ ఇంటిని ఒక్కసారి కూడా పిలవలా.

గుల్లపాళెంలో కొన్న వస్తువు పిలిస్తే పలుకుద్ది. చుట్టుపక్కల ఊళ్ళలో కూడా అంతే. చెంబు కనపడకపోతే "చెంబా" అంటే "ఆ" అంటాది మంచం కింద నించి. చెప్పులు మసీదు దగ్గర కలిసిపోతే ఎవురి చెప్పుల్ని వాళ్ళు పిలుచుకుంటారు. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు వంటింటి అరలన్నీ అదురుతాయి, అప్పుడు పిలవకపోయినా గిన్నెలు రెండు మూడు పలుకుతాయి, ఉలిక్కిపడి. పోలేరయ్య సైకిలు పోయినప్పుడు ఆయన వీధి వీధి తిరిగి పిలిస్తే, సొంత బావమరిది ఇంటి వెనకాల గడ్డివాములోంచి పలికింది. ఆ తర్వాత వాళ్ళకి మాటల్లేవు.

అయితే ఊరికే పలకదు. అమ్మినోళ్ళు ఆ వస్తువుకి చెప్పాల. ఇదిగో, ఇంక నువ్వు ఫలానా వాళ్ళదానివి అని, వస్తువు వినేటట్టు చెప్పాల. విన్న వస్తువు అప్పుడే ఒకసారి "ఆ" అంటాది. డబ్బులిచ్చినంత మాత్రాన సరిపోదు. ఈ మాట చెప్పకుండా ఏ అంగడోడూ వస్తువు చేతికియ్యడు. కొరియర్ తెచ్చే పెంచలప్రసాద్ కూడా బండి స్టాండేసి, అట్టపెట్టెకి నోరానించి పేరు చెప్పి, అప్పుడిస్తాడు. అడ్రసు తప్పయితే తర్వాత ఆయనకే తిప్పలు. అంగడి యజమానే చెప్పాలని లేదు, గల్లా దగ్గర కూర్చున్న గుమస్తా చెప్పినా చాలు. బాడుగ వస్తువు, అడిగి తెచ్చుకున్న వస్తువు మాత్రం ఎంత వాడినా పలకదు.

వాళ్ళుండే ఇల్లు కిషోర్ బాబుది. నెల మొదట్లో బాడుగకొస్తాడు. మంచోడే, గడపలోకి రాకముందే చెప్పులిప్పతాడు. వచ్చి గోడ మీద చెయ్యేసి, "ఏమ్మే, బాగుండావా" అంటాడు అలవాటుగా. గోడ "ఆ" అంటాది. ఆ గోడకి ఏటేటా సున్నం కొట్టింది జమాల్‌బీ. చెమ్మ దిగితే గుడ్డ పెట్టి తుడిచింది జమాల్‌బీ. కిషోర్ బాబు వచ్చినప్పుడల్లా ఆమె వంటింట్లో ఏదో ఒక పని పెట్టుకునేది, ఆ పలుకు వినపడకుండా.

ఆమె పుట్టిన ఇల్లు బాడుగది, చోటే సాహెబ్‌తో కాపరం పెట్టింది బాడుగింట్లో, ఆ తర్వాత మారినవన్నీ బాడుగిళ్ళే. టీవీలో ఇంటిని పిలిచి, అది కూడా పలకకపోతే? అందుకని పిలవలా. రఫీకి తెలుసు, వాడూ అడగలా.

ఒక రోజు మధ్యాన్నం పెట్టె తెరిస్తే ఇల్లు కనిపించే ముందు తెల్లటి కాయితం లాంటిది టీవీ నిండా వచ్చింది. జమాల్‌బీ ఉర్దూ కొంచెం చదవతాది, తెలుగు పెద్ద అక్షరాలైతే చదవతాది. ఇవి చిన్నక్షరాలు. రఫీ చదివినాడు. చదివి, కూర చల్లారిపోతా ఉందన్నట్టు కంచం వైపు చూసినాడు.

"ఏందిరా అది?"

"ఏం లేదు జేజీ."

"ఏం లేకుండా అంతెందుకు రాస్తారు?"

"ఆట తీసేస్తారంట. కంపెనీ వాళ్ళు. ఈ నెలాఖరు దాకే తెరుచుకుంటాది. ఆ తర్వాత రాదు."

"కొత్తగా అమ్మరా?"

"కొత్తగా అమ్మరు. కొన్నోళ్ళకి కూడా రాదు."

అస్మా సూది పరుపులో గుచ్చి లేచొచ్చింది. "కొన్నదాన్ని ఎట్ట తీసకపోతారు? పోయినేడు అమ్మిన పరుపుని మనం పోయి లాక్కొస్తామా? లేండి లేండి, మీరు పడుకునింది చాలు అని?"

"నన్నడిగితే? నేనేమన్నా తీస్తా ఉండానా?"

"నీ పెట్టే గదా."

"పెట్టె నాదే. ఆట..." అని రఫీ ఆగిపోయినాడు.

 జమాల్‌బీ జాయ్‌స్టిక్కు తీసుకుని, టీవీలో ఇంటికాడికి పోయి, బావిలోంచి నీళ్ళు తోడి మొక్కలకి పోసింది. ఆ రోజు మేకని తిట్టలా.

సాయంత్రం రఫీ పని నించి వచ్చి, ఎవురూ లేరనుకోని టీవీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గొంతు సరిచేసుకోని, "ఇల్లా, ఇంక నువ్వు మా జేజిదానివి" అన్నాడు. కాసేపు చూసినాడు. "జమాల్‌బీదానివి" అని పేరు పెట్టి ఇంకోసారి చెప్పినాడు.

"నువ్వు అమ్మినావా?" అనింది అస్మా వెనకాల నించి. "నువ్వేమన్నా అంగడోడివా? ఊళ్ళో మేడలన్నిటికీ ఇట్టనే చెప్పు, మనవే అయిపోతాయి."

"ఊరికే చూసినా."

"చూసినావు గదా. లే, టీ తాగు."

మర్నాడు శుక్రవారం, రఫీకి సెలవు. ఆ పెట్టెని దుప్పట్లో చుట్టుకోని కోట బజారులో సుశీల్ కుమార్ అంగడికి తీసకపోయినారు. జమాల్‌బీ కూడా పోయింది. సుశీల్ కుమార్ ఫోన్లు, టీవీలు బాగు చేస్తాడు. తాళం పడిన ఫోన్లు తెరుస్తాడు. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, దాన్ని కూడా ఆయనే బాగు చేసుకోవాల. అంగట్లో అద్దం మీద పెద్దక్షరాలతో రాసుంటాది: పలకని వస్తువులు తెరవబడవు. దొంగ ఫోన్లు ఎక్కువైనాక రాయించినాడు అది. ఎవురు ఏది తెచ్చినా ముందు పిలవమంటాడు. పలికితే తెరుస్తాడు, లేకపోతే టీ ఇచ్చి పంపిస్తాడు.

పెట్టెని ఒక చిన్న టీవీకి తగిలించి, కాసేపు చూసినాడు.

"మీ ఇల్లు యాడికీ పోదమ్మా" అన్నాడు జమాల్‌బీతో. "గోడలు, చెట్లు, ఆ మేక, అన్నీ ఈ పెట్టెలోనే ఉండాయి. అయితే తెరిచేముందు ప్రతిసారీ ఇది కంపెనీ వాళ్ళనడుగుద్ది, తెరవమంటారా అని. వాళ్ళు ఊ అంటే తెరుచుకుంటాది. నెలాఖరు నించి వాళ్ళు ఊ అనరు. అంతే."

"ఆ అడగడం మానిపించలేవా అన్నా?" అన్నాడు రఫీ.

"మానిపిస్తా. అదేం పెద్ద పని కాదు. పిలవండి మరి."

"పెట్టె నాది. పెట్టే" అని పిలిచినాడు రఫీ. పెట్టె పలికింది.

"పెట్టెని తెరవమని కాదు గదా మీరొచ్చింది. ఇంటిని పిలవమ్మా."

జమాల్‌బీ కళ్ళద్దాలు తీసింది. కొంగుతో తుడిచింది. మళ్ళీ పెట్టుకునింది. పక్కన ఒకాయన ఫోను కోసం కాసుకోనున్నాడు, ఆయన కూడా టీవీ వైపు చూసినాడు.

"ఇల్లా" అనింది.

టీవీలో బావి మీద గిలక గాలికి తిరిగింది. మేక నమలతా ఉంది. అంగట్లో ఫ్యాను చప్పుడు తప్పితే ఏమీ లేదు.

"ఇంకోసారి పిలవమ్మా, మెల్లగా పిలిచినావు."

"వినపడింది దానికి" అనింది జమాల్‌బీ.

సుశీల్ కుమార్ వైర్లు ఊడదీసి చుట్ట చుట్టినాడు. "మా అమ్మ ఫోనైనా ఇంతేనమ్మా. పలకందాన్ని తెరిస్తే రేపు ఎవురొచ్చి అడిగినా తెరవాల." వైర్లు పక్కన పెట్టి, "అమ్మినోళ్ళు చెప్పలేదు దానికి. వాళ్ళ చేత చెప్పించండి. చెప్పించుకోని రండి, కూలి కూడా వద్దు" అన్నాడు.

టీ తాగి వచ్చేసినారు. బస్సులో పెట్టెని జమాల్‌బీ ఒళ్ళో పెట్టుకునింది. రఫీ పట్టుకుంటానన్నా ఇయ్యలా.

కంపెనీకి ఫోన్ చేసింది అస్మా. రఫీ చెయ్యలేనన్నాడు, వాడికి ఎదటోళ్ళు పుస్తకంలో మాటలు మాట్లాడితే నోరు పెగలదు. మర్నాడు రఫీ గుంటలకి పోయినాక, టీవీలో ఇల్లు తెరిచిపెట్టి, ఫోను స్పీకరు పెట్టి టీవీ ముందు పెట్టినారు, ఆ మాటేదో చెప్తే ఇల్లు వినేటట్టు. తెలుగుకి ఒకటి నొక్కమంటే నొక్కినారు. ఇంకేదో నొక్కమంటే అదీ నొక్కినారు. పాట వచ్చింది. పాట అయిపోయి మళ్ళీ అదే పాట వచ్చింది. బయట తిన్నె మీద ఎండకి పెట్టిన పరుపుల వైపు, మబ్బు వైపు చూస్తా ఉంది అస్మా.

"నమస్కారం. నా పేరు అబిగయీలు. మీకు ఏ విధంగా సహాయపడగలను?"

అస్మా చెప్పింది. ఆట కొన్నాం, నెలాఖరుకి తీసేస్తామంటా ఉండారు, తీస్తే తియ్యండి, మాకు అమ్మినట్టు ఆ ఇంటికి ఒక్క మాట చెప్పండి చాలు అనింది.

"మేడమ్, మీరు కొనుగోలు చేసింది ఆటను కాదు. ఆటను ఆడుకోవడానికి అనుమతిని మాత్రమే. అనుమతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకునే హక్కు సంస్థకు ఉంటుంది. మీరు అంగీకరించిన షరతుల్లో ఈ విషయం ఉంది."

"కొనండి అని రాసుంటే కొన్నాం. బాడుగకి తీసుకోండి అని రాసుంటే బాడుగకి తీసుకునే వాళ్ళం. ఏది రాస్తే అదే గదమ్మా మాకు తెలిసేది."

"మీ ఇబ్బందిని అర్థం చేసుకోగలను మేడమ్."

"మేము పరుపులమ్ముతాం. నీకొక పరుపమ్మి, నెల తర్వాత వచ్చి, అమ్మా, నీకమ్మింది పరుపు కాదు, పడుకోడానికి పర్మిషను అంటే ఊరుకుంటావా నువ్వు?"

 అవతల ఆ పిల్ల నవ్వు ఆపుకునిందో, కాయితం వెతుక్కునిందో. "మీ ఇబ్బందిని అర్థం చేసుకోగలను మేడమ్" అని మళ్ళీ అనింది.

"అర్థం చేసుకోబాక, చెప్పు. ఒక్క మాట. గల్లా దగ్గర కూర్చునింది నువ్వే గదా."

"ఆ మాట చెప్పే అధికారం నాకు లేదు మేడమ్. ఈ కాల్ రికార్డ్ అవుతోంది."

అప్పుడే చినుకులు మొదలైనాయి. తిన్నె మీద పరుపులున్నాయి, బుచ్చిరెడ్డిపాలెంలో ఒక పెళ్ళికి ఇయ్యాల్సినవి. దూది తడిసిందంటే మళ్ళీ ఏకించాల. "జేజీ, నువ్వు మాట్లాడతా ఉండు, పెట్టెయ్యనీబాక దాన్ని" అని అస్మా బయటికి పరిగెత్తింది.

జమాల్‌బీ ఫోను ముందుకి జరిగి కూర్చునింది.

"అమ్మాయ్, అన్నం తిన్నావా?"

"...తిన్నానమ్మా."

"ఏ ఊరు మీది?"

"అది చెప్పకూడదమ్మా."

"చెప్పబాకలే. మా మనవడి పెళ్ళాం నోరు పెద్దది, మనసులో పెట్టుకోబాక. నీది కాని పనికి నిన్నంటే ఏం లాభం." జమాల్‌బీ కొంగు సర్దుకునింది. "ఒకటి చెప్పు తల్లీ. ఏ తేదీకి ఖాళీ చెయ్యాల?"

"అర్థం కాలేదమ్మా."

"ఇల్లు. ఏ తేదీ లోపల ఖాళీ చెయ్యాల? నేను ఊడ్చాల గదా. మేము బాడుగిళ్ళు శానా మారినాం. ఏ ఇల్లూ చెత్తతో వదల్లేదు, ఊడ్చి, పొయ్యిలో బూడిద తీసి, గడప కడిగే ఇచ్చినాం. రేపు పొద్దున ఎవురో వస్తారు దాంట్లోకి, వాళ్ళు మమ్మల్ని తిట్టుకోకూడదు. మేకని తోలేస్తా. నిమ్మకాయలుండాయి, కోసి గుమ్మంలో పెడతా, వచ్చినోళ్ళు వాడుకుంటారు. బావిలో చేద కొత్తదే, దాన్నీ ఉంచేస్తా. తాళం ఎవురికియ్యాలో అది ఒక్కటి చెప్పు. నీకేనా?"

ఆ మాటల్లో సగం, పరుపు నెత్తినెత్తుకోని లోపలికొచ్చిన అస్మా వినింది. పరుపు గోడకి ఆనించి మళ్ళీ బయటికి పోయింది. ఇంకా రెండున్నాయి. వాన ఒక్కసారిగా పెద్దదైంది. పెంకుల మీద ఆ చప్పుడులో ఫోన్లో ఆ పిల్ల ఏమన్నదో, అసలేమన్నా అనిందో లేదో, అస్మాకి వినపడలా.

రెండో పరుపు ఎత్తుకుంటా ఉంటే లోపల నించి వినపడింది.

"ఆ."

అస్మాకి ఆ ఇంట్లో వస్తువులన్నిటి గొంతులూ తెలుసు. చెంబుది సన్నగా ఉంటాది. కుట్టు మిషనుది కొంచెం బొంగురు. పెట్టెది ముక్కుతో అన్నట్టుంటాది. ఇది వాటిల్లో ఏదీ కాదు. లోతుగా, చల్లగా, బావిలోకి వంగి మాట్లాడితే తిరిగి వచ్చే గొంతు మాదిరుంది. పరుపు ఒక మూల వానలోకి జారి తడస్తా ఉన్నా ఆమె అట్టనే నిలబడింది.

లోపలికొస్తే జమాల్‌బీ కూర్చున్న చోటే కూర్చోనుంది. ఫోను తెగిపోయి నల్లగా ఉంది.

"ఎవురు జేజీ పలికింది?"

జమాల్‌బీ టీవీ వైపు చూపించింది. తర్వాత, సరిగ్గా విన్నానో లేదో అన్నట్టు, "ఇల్లా" అని పిలిచింది.

"ఆ" అనింది ఇల్లు.

అస్మా కూడా పిలిచింది. పలకలా. కొంచెం గట్టిగా పిలిచింది. పలకలా.

"నాకు పలకదేం?"

"నీదైతే గదా" అనింది జమాల్‌బీ. "ఆ పరుపు చూడు, కారతా ఉండాది."

సుశీల్ కుమార్ అంగట్లో ఈసారి ఎక్కువసేపు పట్టలా. జమాల్‌బీ పిలిచింది, ఇల్లు పలికింది, ఆయన పెట్టె తెరిచి కంపెనీ వాళ్ళని అడిగే అలవాటు మానిపించినాడు. కూలి వద్దన్నాడు. జమాల్‌బీ ఒప్పుకోలా. చర్చిలో కీబోర్డు ముందు కూర్చునేదానికి ఒక చిన్న మెత్త కుట్టి పంపించింది.

నెలాఖరు వచ్చింది. ఆట తీసేసినారు. గూడూరులో, కావలిలో, ఇంకా యాడాడో ఆ ఆట కొన్నోళ్ళందరికీ టీవీలో తెల్ల కాయితం ఒక్కటే మిగిలింది. కొందరు తిట్టుకున్నారు, కొందరు ఇంకో ఆట కొనుక్కున్నారు. గుల్లపాళెంలో మధ్యాన్నం అన్నాలయినాక మేక వంగతోటలో పడింది, జమాల్‌బీ తోలింది.

ఆ పిల్లకి ఒక మాట చెప్దామని అస్మా మళ్ళీ ఫోన్ చేసింది. ఎవురో మొగ గొంతు వచ్చింది. అబిగయీలు ఇప్పుడు ఇక్కడ పని చెయ్యడం లేదు మేడమ్ అనింది ఆ గొంతు. ఎందుకని అడిగితే, మీకు ఇంకా ఏ విధంగా సహాయపడగలను అనింది. అస్మా ఫోను పెట్టేసింది. ఆ సంగతి జమాల్‌బీకి చెప్తే, ఆమె ఆ రోజంతా బొంత కుడతానే ఉంది, టీవీ పెట్టలా.

నెల మొదట్లో కిషోర్ బాబు బాడుగకొచ్చినాడు. గోడ మీద చెయ్యేసి బాగుండావా అన్నాడు. గోడ పలికింది. జమాల్‌బీ వంటింట్లోకి పోలా. అక్కడే కూర్చోని, "సున్నం కొట్టించాల అబ్బయ్యా, చెమ్మ దిగతా ఉండాది. ఈసారి నువ్వే కొట్టించు, నీ ఇల్లు గదా" అనింది. కిషోర్ బాబు ఆమె వైపు ఒకసారి చూసి, కొట్టిస్తానన్నాడు. కొట్టించినాడు కూడా.

ఆ వారంలోనే నెల్లూరులో రొట్టెల పండగ. స్వర్ణాల చెరువులో నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక ఉన్నోళ్ళు ఆ కోరిక రొట్టె తీసుకోని తింటారు, తీరినోళ్ళు వచ్చి రొట్టె ఇస్తారు. పెళ్ళి రొట్టె, పిల్లల రొట్టె, ఉద్యోగం రొట్టె, ఏది కావాలంటే ఆ పేరు పెట్టి అరస్తా ఉంటారు. జమాల్‌బీ పెళ్ళైన కాడ్నించి ఇంటి రొట్టె తీసుకుంటానే ఉంది. చోటే సాహెబ్ ఉన్నప్పుడు ఆయనతో పోయింది, ఆయన పోయినాక ఒక్కతే పోయింది. ఇంటి రొట్టె ఇచ్చేవాళ్ళ చుట్టూ ఎప్పుడూ జనమే, తోసుకోని పోవాల.

ఈ ఏడు రొట్టె ఆమే కాల్చుకుంది. అస్మా కాలస్తానంటే వద్దనింది. అస్మాని తోడు తీసుకోని నెల్లూరు బస్సెక్కింది. చెరువులో మోకాళ్ళ దాకా దిగి, కొంగు తల మీదికి లాక్కోని, రొట్టె రెండు చేతుల్లో పట్టుకోని నిలబడింది. చుట్టూ అందరూ అరస్తా ఉన్నారు. వెనకాల నించి అస్మానే అరిచింది, ఇంటి రొట్టె, ఇంటి రొట్టె అని.

ముందుగా చేరింది ఒక నడీడు మనిషి. పేరు పుష్పకుమారి అని చెప్పింది, మొగుడు ఆటో తోలతాడంట. చీర కుచ్చిళ్ళు నీళ్ళలో తేలతా ఉండాయి.

"ఇల్లు యాడ కట్టినారమ్మా?"

"మా ఇంట్లోనే. పెట్టెలో."

పుష్పకుమారి తలూపింది. "పెద్దదా?"

"ముందు తిన్నెలుండాయి. బావుంది. నిమ్మ చెట్లుండాయి."

"పలుకుద్దా?"

"పలుకుద్ది."

పుష్పకుమారి కొంగు పట్టింది. జమాల్‌బీ రొట్టె ఇయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఇంటి రొట్టె తీసుకునేవాళ్ళకి ఒక పట్టింపుంది. ఇల్లు అప్పగించినోళ్ళు ఏ మాట చెప్పి అప్పగించినారో ఆ మాట కూడా రొట్టెతో పాటు తీసుకుంటారు. మాట మారిస్తే రొట్టె పనిచెయ్యదని వాళ్ళ నమ్మకం.

"మీకు చెప్పి ఇచ్చినోళ్ళు ఏమన్నారో అది చెప్పండమ్మా. మార్చకుండా, వాళ్ళెట్టన్నారో అట్టనే."

అస్మా కూడా దగ్గరికి జరిగింది. వాన రోజు ఆ పిల్ల ఏమన్నదో ఆమెకీ ఇప్పటిదాకా తెలీదు. అడిగినప్పుడల్లా చెప్తాలే అని దాటేసింది జమాల్‌బీ.

"ఆ పిల్ల అప్పటిదాకా పుస్తకంలో మాటలే మాట్లాడింది" అనింది జమాల్‌బీ. "  నేను తాళం ఎవురికియ్యాలని అడిగితే గొంతు మారిపోయింది, మన పిల్ల మాట్లాడినట్టే మాట్లాడింది. అది చెప్పినాక లైను తెగిపోయింది."

రొట్టె పుష్పకుమారి కొంగులో పెట్టి, ఆ పిల్ల చెప్పిన మాట, ఎట్ట చెప్పిందో అట్టనే చెప్పింది.

"ఊడ్చబాకమ్మా. ఆ ఇల్లు నీదే. తాళం ఎవురికీ ఇయ్యబాక."